నల్లగా లేని మెలనోమా: పిల్లల ఒంటి మీద పెద్దల కొలతలు ఎందుకు చెల్లవు?

పదో తరగతి సర్టిఫికెట్టులో ‘గుర్తింపు చిహ్నాలు’ అని రెండు వరసలుంటాయి. హెడ్మాస్టరు గదిలో ఒక్కొక్కరినే నిలబెట్టి, కాలరు పక్కకు లాగి, మెడ మీదో మోచేతి కిందో రెండు పుట్టుమచ్చలు వెతికి రాసుకున్న రోజు మనలో చాలామందికి గుర్తే. రాయించుకున్నాక వాటి వంక మళ్ళీ చూసినవాళ్ళు తక్కువ. మచ్చంటే మనకు గుర్తు. నమ్మేవాళ్ళకు జాతకం. పసిబిడ్డ బుగ్గ మీదైతే కాటుకతో మనమే పెట్టే దిష్టిచుక్క. జబ్బు మాత్రం కాదు. పిల్లల విషయంలో ఆ నమ్మకం దాదాపు ఎప్పుడూ నిజమే. చిక్కంతా ఆ ‘దాదాపు’ దగ్గరే.

రెండేళ్ళ కిందట, గూడూరులో ఉండే మా చెల్లెలి కొడుక్కి ఎడమ చెవి కింద ఒక బొడిపె లేచింది. అప్పటికి వాడికి ఆరేళ్ళు. దానిమ్మ గింజంత, రంగు కూడా ఇంచుమించు అదే. నొప్పి లేదు, దురద లేదు. వేడి చేసిందని వాళ్ళ నాయనమ్మ తేల్చేసింది. తలంటుతుంటే గోరు తగిలి ఒకసారి రక్తం కారింది, ఆగడానికి చాలాసేపు పట్టింది. అక్కడ ఒక క్లినిక్కులో పులిపిరి అని చెప్పి కాల్చేశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపలేదు. పంపమని అడగాలని మావాళ్ళకూ తెలియదు. పది వారాలు తిరక్కుండానే అదే చోట మళ్ళీ లేచింది, ఈసారి బఠాణీ గింజంత. అప్పుడు పినాకిని ఎక్కించి మద్రాసు తీసుకొచ్చింది (మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ చెన్నై అనరు). ఇక్కడ చూసిన చర్మవ్యాధుల డాక్టరమ్మ ఓపీ చీటీ మీద నాలుగు పేర్లు రాశారు. చివరిది మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్, పక్కన ప్రశ్న గుర్తు.

బయటికి రాగానే మా చెల్లెలు అడిగిన మాట ఇది: “అదైతే నల్లగా ఉండాలి కదన్నా? ఇది ఎర్రగా ఉందే!”

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. పేరులోనే నలుపుంది. గ్రీకులో ‘మెలాస్’ అంటే నలుపు. మన చర్మం పై పొర అడుగున మెలనోసైట్లనే కణాలుంటాయి. మెలానిన్ అనే రంగును తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచడం వాటి పని. అవి ఒకచోట గుంపుకడితే పుట్టుమచ్చ. అదుపు తప్పి పెరిగి, లోపలికి దిగి, వేరేచోటికి పాకే గుణం వస్తే మెలనోమా. అయితే అదుపు తప్పిన కణాలన్నీ రంగు తయారుచేస్తూనే ఉంటాయన్న నియమం లేదు. కొన్ని ఆ పని మానేస్తాయి, పెరగడం మాత్రం మానవు. అప్పుడు గడ్డ గులాబీ రంగులోనో, ఎర్రగానో, మామూలు చర్మం రంగులోనో ఉంటుంది. పెద్దల్లో ఇలా రంగులేని మెలనోమా తక్కువ. చిన్నపిల్లల్లో ఎక్కువ.

ఎంత అరుదు?

ముందు గుండె నిబ్బరం చేసుకోవడానికి ఒక లెక్క. మెలనోమా ఎక్కువగా ఉండే అమెరికాలోనే పదేళ్ళలోపు పిల్లల్లో ఇది ఏడాదికి 10 లక్షల మందిలో సుమారు ఒకరికి వస్తుంది. పిల్లల క్యాన్సర్లన్నీ కలిపితే అందులో దీని వాటా 1 నుంచి 3 శాతం, అదీ ఎక్కువగా పద్నాలుగు పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో. మన దేశంలో పెద్దవాళ్ళలోనే ఇది అరుదు. వచ్చినా ఎండ తగిలేచోట కాకుండా అరికాలిలోనో, అరచేతిలోనో, గోరు కిందో రావడం ఎక్కువ. కాబట్టి మైలాపూరులోనో పెరంబూరులోనో ఒక పిల్లల డాక్టరు ముప్పై ఏళ్ళు ప్రాక్టీసు చేసి, ఒక్క కేసు కూడా చూడకుండా రిటైరవడం వింతేమీ కాదు.

ఈ అరుదుతనం రెండువైపులా కోస్తుంది. ఎవరికీ తట్టదు గనుక నిజంగా వచ్చినవాడికి ఆలస్యమవుతుంది. ఒకసారి ఎవరికైనా తట్టిందంటే ఊళ్ళో పిల్లలందరి మచ్చలూ కోయించాలనిపిస్తుంది. రెండో తప్పు కూడా చిన్నదేం కాదు. ఆరేళ్ళవాడికి మత్తిచ్చి మొహం మీద కోత పెట్టడం సరదా పని కాదు కదా.

పెద్దల కొలత, పిల్లల ఒళ్ళు

చర్మం మీది మచ్చను ఎలా చూడాలో చెప్పే సూత్రం ఒకటి ప్రపంచమంతా తిరుగుతోంది. ఏ, బీ, సీ, డీ అని ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉంటుంది. 1985లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం డాక్టర్లు దీన్ని తయారుచేశారు. మచ్చ సగానికి మడిస్తే రెండు సగాలూ కలవకపోవడం, అంచు గీరుకుపోయినట్టుండడం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులుండడం, అడ్డంగా 6 మిల్లీమీటర్లు దాటడం, ఇవీ ఆ నాలుగు. 2004లో ఐదోది చేర్చారు: మారుతూ ఉండడం. పెద్దవాళ్ళకు ఇది మంచి సూత్రమే. ఎన్నో ప్రాణాలు కాపాడింది.

పిల్లల దగ్గరకొచ్చేసరికి అది రెండు రకాలుగా బోల్తా కొడుతుంది.

పిల్లల ఒంటి మీద కొత్త మచ్చలు రావడం సహజం. ఉన్నవి పెరగడం ఇంకా సహజం, పిల్లవాడితోపాటే చర్మమూ సాగుతుంది కాబట్టి. పుట్టినప్పుడు ఉన్న మచ్చ పెద్దయ్యేసరికి తల మీదైతే రెండింతలకు లోపు, కాళ్ళ మీదైతే మూడింతలకు పైన సాగుతుంది. అంటే ‘మారుతోంది’ అన్న ఐదో సూత్రాన్ని అక్షరాలా పట్టుకుంటే బడికెళ్ళే ప్రతి పిల్లవాడూ అనుమానితుడే.

ఇక రెండో బోల్తా. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డాక్టర్లు, మెలనోమాగానో మెలనోమాలా చూడాల్సిన గడ్డగానో తేలిన 70 మంది పిల్లల పాత రికార్డులు తిరగేశారు. పదేళ్ళలోపు వాళ్ళలో 60 శాతం మంది, పదకొండు నుంచి పంతొమ్మిది మధ్య వాళ్ళలో 40 శాతం మంది ఆ నాలుగు సూత్రాలకూ లొంగలేదు. వాళ్ళ గడ్డలు రెండువైపులా సమంగా, గుండ్రంగా, ఒకే రంగులో, చాలాసార్లు చిన్నగా ఉన్నాయి. దాంతో అవే అక్షరాలకు పిల్లల కోసం వేరే అర్థాలు రాశారు. ఏ అంటే రంగు లేకపోవడం. బీ అంటే బొడిపెలా లేవడం, రక్తం కారడం. సీ అంటే అంతా ఒకే రంగు. డీ అంటే పాత మచ్చలోంచి కాకుండా ఉత్త చర్మం మీద కొత్తగా పుట్టడం, అది ఏ సైజులోనైనా సరే. చూడండి, పెద్దలకు ‘ఫర్వాలేదు’ అని ధైర్యం చెప్పే లక్షణాలే పిల్లలకు ‘ఒకసారి చూపించు’ అనే లక్షణాలయ్యాయి.

నాకున్న ఒక అభ్యంతరం ఇక్కడే చెప్పేస్తాను. ఈ కొత్త వరస పట్టుకుని వెతికితే మన పిల్లల పులిపిర్లలో సగం దానికి సరిపోతాయి. అది జబ్బును పట్టిచ్చే సూత్రం కాదు. జబ్బు ఈ వేషంలో కూడా రావచ్చని డాక్టరును హెచ్చరించేది మాత్రమే. తేడా పడేది కాలం దగ్గర. పులిపిరి నెలల తరబడి అలాగే ఉంటుంది, లేదా పక్కన పిల్లలు పెడుతుంది. రక్తం కారే ఎర్రటి కండగడ్డ ఒకటుంది, డాక్టర్లు పయోజెనిక్ గ్రాన్యులోమా అంటారు. పిల్లల్లో చాలా మామూలు, వారాల్లో లేస్తుంది, ముట్టుకుంటే కారుతుంది, ప్రమాదం లేదు. రంగులేని మెలనోమా సరిగ్గా దాని వేషమే వేస్తుంది. డెర్మోస్కోప్ అని పదింతలు పెద్దదిగా చూపించే చేతి భూతద్దం ఉంటుంది. నల్ల మచ్చల విషయంలో అది గొప్ప సాయం. ఈ ఎర్ర గడ్డల విషయంలో మాత్రం దానిది కూడా సగం మాటే. అందుకే తీసిన ప్రతి కండగడ్డనూ, ఎంత ఖాయంగా తెలిసినా, సీసాలో వేసి పాథాలజీకి పంపాలనేది నియమం. మావాడి విషయంలో తప్పిపోయింది ఆ నియమమే.

‘మచ్చ’ అంటే ఏ మచ్చ?

మద్రాసులో తెలుగువాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది, దీని గురించి ఎవరూ రాయరు. తెలుగులో మచ్చ అనే ఒక్క మాట పుట్టుమచ్చకూ, తెల్లమచ్చకూ, దెబ్బ మానిన గుర్తుకూ, మంగుకూ అన్నిటికీ సరిపోతుంది. తమిళంలో మచ్చం అంటే పుట్టుమచ్చ ఒక్కటే. పులిపిరిని మరు అంటారు. మా చెల్లెలు వెళ్ళగానే “చెవి కింద మచ్చ” అంది. డాక్టరమ్మ దగ్గరికొచ్చి చూసేదాకా పుట్టుమచ్చ కేసే అనుకున్నారు. ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి క్యూలో సూళ్ళూరుపేట, నాయుడుపేట, తడ నుంచి వచ్చిన తల్లులు రోజూ కనిపిస్తారు. సగం తెలుగు, సగం తమిళం, మిగతాది చేతులతో చెబుతుంటారు. అక్కడ పేరు పెట్టడం కంటే మూడు సంగతులు చెబితే మేలు: ఎప్పుడు మొదలైంది, చదునుగా ఉందా పైకి లేచిందా, తగలకుండానే రక్తం వస్తోందా. వారానికో పదిరోజులకో ఒకసారి పక్కన స్కేలు పెట్టి ఫోనులో తీసిన ఫోటోలుంటే భాషతో పనే లేదు. మా దగ్గర కాల్చకముందు తీసిన ఫోటో ఒక్కటే ఉంది. అదీ పుట్టినరోజు ఫోటోలో, కేకు వెనకాల.

భయపడక్కర్లేనివి, కాస్త భయపడాల్సినవి

మన పసిపిల్లలకు నడుము కింద, పిరుదుల మీద నీలం మచ్చలుంటాయి. ఎవరో గిల్లినట్టు, కమిలినట్టు కనబడతాయి. అవి ఐదారేళ్ళకు వాటంతటవే చెరిగిపోతాయి, వాటి జోలికి వెళ్ళక్కర్లేదు. గోరు పొడవునా సన్నటి గోధుమరంగు గీత పడటం పెద్దవాళ్ళలో అయితే బయాప్సీ దాకా వెళ్తుంది. పిల్లల్లో అది దాదాపు ఎప్పుడూ గోరు మొదట్లో ఉన్న పుట్టుమచ్చే. గోరు కింద మెలనోమా పిల్లల్లో అత్యంత అరుదు, ఫోటోలు తీసుకుంటూ కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. ఆటలాడే పిల్లల మడమల మీద నల్లటి మచ్చ కనిపిస్తే చాలాసార్లు చర్మంలో గడ్డకట్టిన నెత్తురు. డాక్టరు బ్లేడుతో పైపైన గీకితే పోతుంది.

కాస్త ఆగి చూడాల్సింది పుట్టుకతో వచ్చిన పెద్ద మచ్చ దగ్గర. పుట్టినప్పుడే ఏదో ఒక పుట్టుమచ్చ ఉన్న పిల్లలు నూటికి ఒకరు ఉంటారు. అవి చిన్నవైతే జీవితం మొత్తంలో మెలనోమా వచ్చే అవకాశం ఒక శాతం కంటే తక్కువ, చిన్నతనంలోనైతే లేనట్టే లెక్క. పెద్దయ్యేసరికి 20 సెంటీమీటర్లు దాటుతుందనుకునే మచ్చల సంగతి వేరు. వీపంతా, లేదా నడుము చుట్టూ లాగు తొడిగినట్టు, వెంట్రుకలతో కప్పుకుని ఉంటాయి. గర్భంలో ఉండగా ఒక కణంలో, చాలాసార్లు ఎన్‌ఆర్‌ఏఎస్ అనే జన్యువులో, వచ్చిన మార్పే వీటికి మూలం. తల్లి గ్రహణం చూసినందువల్ల కాదు, తల్లి తప్పు ఏమీ లేదు. వీటిలో మెలనోమా వచ్చే అవకాశం 2 నుంచి 5 శాతం దాకా ఉంటుంది, వస్తే చాలావరకు మొదటి ఐదేళ్ళలోనే వస్తుంది. పైగా పై పొరలో కాకుండా మచ్చ అడుగున మొదలవుతుంది. కాబట్టి రంగు మారుతుందేమోనని చూస్తూ కూర్చుంటే లాభం లేదు. స్నానం చేయించేటప్పుడు అరచేత్తో మచ్చంతా తడమాలి, లోపల గట్టి గడ్డ తగులుతోందేమో చూడాలి. కొందరు పిల్లల్లో అవే కణాలు మెదడు పొరల్లో కూడా ఉంటాయి. అందుకని మచ్చ బాగా పెద్దదైనా, పుట్టుకతోనే రెండు మూడు మచ్చలకు మించి ఉన్నా మొదటి కొన్ని నెలల్లోనే ఎంఆర్ఐ తీయించమంటారు. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఈ మచ్చల్లో లేచే గడ్డలన్నీ మెలనోమా కావు. వేగంగా పెరిగి, చూడ్డానికి భయంకరంగా ఉండి, తీరా చూస్తే ఏ హానీ లేని గడ్డలే ఎక్కువ.

మేనరికాలు ఎక్కువగా ఉన్న మన జిల్లాల్లో తెలిసి ఉండాల్సిన జబ్బు ఇంకొకటి జీరోడెర్మా పిగ్మెంటోజమ్. ఎండ వల్ల కణాల్లోని డీఎన్ఏకు జరిగే నష్టాన్ని బాగుచేసుకునే శక్తి పుట్టుకతోనే ఉండదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడిన జన్యువు కలిస్తేనే వస్తుంది కాబట్టి దగ్గరి సంబంధాల్లో ఎక్కువగా బయటపడుతుంది. రెండేళ్ళు నిండకముందే మొహమంతా నువ్వులు చల్లినట్టు మచ్చలు, వెలుగు చూడలేక కళ్ళు మూసుకోవడం, కాసేపు ఎండలో ఉంటే చర్మం కాలినట్టవడం దీని గుర్తులు. ఈ పిల్లల్లో చర్మ క్యాన్సర్లు, మెలనోమాతో సహా, బడి వయసులోనే రావచ్చు. వీళ్ళకు ఎండే శత్రువు. మిగతా చిన్నపిల్లల మెలనోమాలో ఎండ పాత్ర తక్కువ. సన్‌స్క్రీన్ ప్రకటనలు చూసి మా చెల్లెలు వాడిని ఆరు బయట ఆడనిచ్చినందుకు తనను తాను తిట్టుకుంది. ఆ తిట్టుకోవడం అనవసరం.

కత్తి, సీసా, స్లైడు

అనుమానం వచ్చిన గడ్డను ఎలా తీయాలి? మొత్తంగా తీయాలి. చుట్టూ ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మంచి చర్మం కూడా కలుపుకుని, కింద కొవ్వు పొర దాకా, ఒకే ముక్కగా. పైపైన చెక్కితే లోతు తెలియదు. మెలనోమా ఎంత ప్రమాదకరమో చెప్పే అంకెల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ లోతే. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు దాన్ని మిల్లీమీటర్లలో కొలవడం నేర్పాడు, నేటికీ ఆయన పేరుతోనే కొలుస్తారు. కాల్చినా, లేజరు పెట్టినా, నైట్రోజన్‌తో గడ్డకట్టించినా ఆ కొలత శాశ్వతంగా పోతుంది. ఇంట్లో సున్నం, సోడా కలిపి పెట్టే వైద్యమూ ఇదే కోవలోది.

కాల్చడంలో ఇంకో నష్టం ఉంది, ఇది నాకు మావాడి రిపోర్టు వచ్చాకే తెలిసింది. సగం తీసేసిన మామూలు పుట్టుమచ్చ మళ్ళీ మొలిస్తే, గాయం మానిన కండలో చిక్కుకున్న కణాలు మైక్రోస్కోపు కింద మెలనోమాలా కనబడతాయి. 1975 నుంచే దీన్ని ‘దొంగ మెలనోమా’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తున్నారు. ఒక చిన్న నిర్లక్ష్యం అటు అసలు జబ్బును దాచగలదు, ఇటు లేని జబ్బును పుట్టించగలదు.

ఇప్పుడు అన్నిటికంటే ఇబ్బందికరమైన సంగతి. ముక్క పరీక్షకు పంపితే తేలిపోతుందనుకుంటాం. అవును, కాదు అని. పిల్లల మెలనోసైట్ గడ్డల్లో అలా తేలకపోవచ్చు.

1948లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రిలో సోఫీ స్పిట్జ్ అనే పాథాలజిస్టు, మైక్రోస్కోపులో మెలనోమాలా కనిపించిన 13 మంది పిల్లల గడ్డలను కలిపి ఒక వ్యాసం రాసింది. చూడ్డానికి పెద్దల మెలనోమాలాగే ఉన్నాయి, కానీ ఆ పిల్లల్లో ఒక్కరు తప్ప అందరూ బతికారు. రూపం ఒకటి, నడత ఇంకొకటి. తర్వాతి ఏళ్ళలో తేలిందేమిటంటే వాటిలో చాలావరకు అసలు క్యాన్సరే కాదు, ప్రత్యేకమైన పుట్టుమచ్చలు. గులాబీ రంగులో, గుమ్మటంలా, పిల్లల మొహం మీదో కాళ్ళ మీదో త్వరగా లేస్తాయి. వాటికి ఆమె పేరే పెట్టారు, స్పిట్జ్ నీవస్ అని. ఆమె 1956లో, నలభై ఆరేళ్ళకే, పెద్దపేగు క్యాన్సర్‌తో పోయింది. ఆ పదమూడింటిలో ప్రాణం తీసిన ఆ ఒక్క గడ్డను మిగతా పన్నెండింటి నుంచి ముందుగా విడదీయడం ఎలాగన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

ఎంతగా మిగిలిందంటే, 1999లో అమెరికాలో పదిమంది ఆరితేరిన చర్మ పాథాలజిస్టులకు ఇలాంటి స్లైడులు ఇచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చెప్పమన్నారు. స్పిట్జ్ తరహా గడ్డలు 17 ఉంటే, పదిమందిలో కనీసం ఆరుగురు ఒకే మాట చెప్పింది ఒకే ఒక్క గడ్డ విషయంలో. వాళ్ళు పనిరాని వాళ్ళేం కాదు, ఆ రంగంలో పెద్ద పేర్లు. కాబట్టి మీ బిడ్డ రిపోర్టులో ‘ఫలానా కావచ్చు, ఫలానాది తోసిపుచ్చలేం’ అని ఉంటే అది డాక్టరు చేతగానితనం అనుకోకండి. చాలాసార్లు అది నిజాయితీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఇప్పుడు దీన్ని మూడు మెట్లుగా చూస్తుంది. ఒక చివర స్పిట్జ్ పుట్టుమచ్చ, మరో చివర స్పిట్జ్ మెలనోమా, మధ్యలో ఎటూ కాని గడ్డ. ఆ మధ్య మెట్టుకు వాడుకలో ఉన్న పేరు ఎటిపికల్ స్పిట్జ్ ట్యూమర్. మధ్యవాటిని అటో ఇటో జరపడానికి ఈ పదిహేనేళ్ళలో జన్యు పరీక్షలు వచ్చాయి. ఏఎల్‌కే, ఆర్‌ఓఎస్1, ఎన్‌టీఆర్‌కే లాంటి జన్యువులు తెగి వేరేవాటితో అతుక్కుని ఉంటే అది స్పిట్జ్ కుటుంబమేనని తెలుస్తుంది. అయితే ఆ అతుకు మంచివాటిలోనూ చెడ్డవాటిలోనూ ఉంటుంది, ఇంటిపేరు చెబుతుంది తప్ప గుణం చెప్పదు. గుణం చెప్పేవి వేరు. తొమ్మిదో క్రోమోజోములో సీడీకేఎన్2ఏ అనే కాపలా జన్యువు రెండు ప్రతులూ పోవడం ఒకటి. టెర్ట్ అనే జన్యువు స్విచ్చి దగ్గర మార్పు మరొకటి. 2015లో 56 మందిని గమనించిన ఒక అధ్యయనంలో జబ్బు ఒళ్ళంతా పాకిన నలుగురిలోనూ టెర్ట్ మార్పు ఉంది, బాగున్నవాళ్ళలో ఎవరికీ లేదు.

లింఫ్ గ్రంథుల సంగతి మరీ తికమక. పెద్దవాళ్ళలో మెలనోమా కణం మెడలోనో చంకలోనో గజ్జల్లోనో ఉన్న మొదటి గ్రంథికి చేరితే అది చెడు కబురు. ఎటిపికల్ స్పిట్జ్ గడ్డలున్నవాళ్ళలో ఆ గ్రంథిని తీసి చూస్తే పదిమందిలో నలుగురి దాకా కణాలు కనిపించాయి. అయినా ఐదేళ్ళ తర్వాత నూటికి 99 మంది బతికే ఉన్నారు. అంటే గ్రంథిలో కణాలున్నంత మాత్రాన క్యాన్సరని ముద్ర వేయలేం. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు ఈ గడ్డలకు గ్రంథి తీసే ఆపరేషను చేయడానికి తొందరపడటం లేదు. నాకైతే అదే సబబనిపిస్తుంది. జవాబు చెప్పలేని పరీక్ష కోసం పిల్లవాడి మెడ కోయడమెందుకు?

పిల్లల్లోనే, ముఖ్యంగా టీనేజీలో, పెద్దల మెలనోమాను అచ్చు పోసినట్టుండే రకం కూడా ఉంది. దాన్ని పెద్దల్లాగే లోతు కొలిచి, గ్రంథి చూసి, వైద్యం చేస్తారు. నిర్ధారణ కచ్చితంగా ఉండాలనడానికి కారణం ఇదే. పేరు మారితే వైద్యం మొత్తం మారుతుంది.

మావాడి ముక్క

మద్రాసులో బొడిపె తీసి పరీక్షకు పంపాక వచ్చిన మొదటి రిపోర్టు నాలుగు వాక్యాలు. ‘స్పిట్జాయిడ్ గడ్డ. పాత కాల్పు మచ్చ వల్ల అంచనా కష్టం. మెలనోమాను తోసిపుచ్చలేం.’ నాలుగోది, పిల్లల మెలనోసైట్ గడ్డలు ఎక్కువగా చూసేవాళ్ళకు చూపించమని. ఆ రాత్రి మా చెల్లెలు ఫోనులో ఏం వెతికిందో, ఎన్ని బొమ్మలు చూసిందో నేనడగలేదు.

రెండో అభిప్రాయం అంటే పిల్లవాడిని ఇంకో డాక్టరుకు చూపించడం అనుకుంటాం. ఇక్కడ వెళ్ళాల్సింది పిల్లవాడు కాదు, ముక్క. తీసిన ముక్కను మైనంలో పోతపోసి అగ్గిపెట్టెలో సగమంత బ్లాకు చేస్తారు, దాన్నుంచి పల్చటి పొరలు కోసి గాజు స్లైడు మీద పెడతారు. బ్లాకు ల్యాబులోనే ఉంటుంది. రాతపూర్వకంగా అడిగి, సంతకం పెట్టి తీసుకోవచ్చు. స్లైడులు ఒక్కటే పట్టుకెళ్తే మళ్ళీ రంగు పరీక్షలు (కణాలకు రంగు పట్టించి చూసేవి), జన్యు పరీక్షలు చేయడం కష్టం, బ్లాకు కావాలి. ఈ విషయంలో మద్రాసు అదృష్టమున్న ఊరు. ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో మొదలుపెట్టిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఇక్కడే ఉంది, వేలూరు సీఎంసీ రెండు మూడు గంటల దూరం. దేశంలో ఎక్కడికైనా బ్లాకును కొరియర్‌లో పంపవచ్చు కూడా. మాది అలాగే వెళ్ళింది. పాలిథిన్ కవరు, దాని చుట్టూ దూది, దాని చుట్టూ మా చెల్లెలు చదివిన హనుమాన్ చాలీసా.

పదహారు రోజులకు జవాబొచ్చింది. ఏఎల్‌కే రంగు పరీక్ష పాజిటివ్, అలాంటివి ఇలాగే గులాబీ బొడిపెల్లా లేస్తాయట. తొమ్మిదో క్రోమోజోములో లోపం లేదు. అంచులు శుభ్రంగా ఉన్నాయి. పేరు ఎటిపికల్ స్పిట్జ్ ట్యూమర్. కాల్చకముందటి ముక్క ఉండుంటే మామూలు స్పిట్జ్ అని తేలిపోయేదేమో అని అడిగాను. “ఉండొచ్చు” అన్నారు డాక్టరమ్మ, “ఇప్పుడు చెప్పలేం.”

కాబట్టి మధ్య మెట్టు మీదే ఉన్నాడు. ఆరు నెలలకోసారి మా చెల్లెలు వాడిని తీసుకుని గూడూరులో రైలెక్కుతుంది. డాక్టరమ్మ కుట్టు గీత మీద బొటనవేలు ఆనించి చూస్తారు, మెడకు రెండువైపులా, చెవుల వెనకా బిళ్ళలేమైనా తగులుతున్నాయేమో తడుముతారు, చొక్కా విప్పించి మిగతా మచ్చలు ఒకసారి చూస్తారు. మొత్తం ఐదు నిమిషాలు. పోయినసారి వాడు తన మోకాలి మీది పుట్టుమచ్చ చూపించి, ఇదెందుకు చూడలేదని ఆమెనే నిలదీశాడు. చూశారు. అది ఉత్త పుట్టుమచ్చే.